‘డాక్టరుకు చెప్పాకు, కరెంటు ఆపేస్తారు’ అంటోంది అమ్మ

అనంతపురంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకురాలు పేరు రాయకుండా పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

వాళ్లమ్మకు 54 ఏళ్లు. ఊరు ఎమ్మిగనూరు దగ్గర. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలి కర్నూలులో రేడియేషన్ (జనం మాటలో ‘కరెంటు’) మొదలుపెట్టారు. వారానికి ఐదు రోజుల చొప్పున మొత్తం 25 సిట్టింగులు. ప్రతి సోమవారం సిస్‌ప్లాటిన్ అనే కీమో. ఇవి అయ్యాక ‘లోపలి కరెంటు’, అంటే ఒంటి లోపల పరికరం పెట్టి ఇచ్చే రేడియేషన్ ఉంటుందన్నారు. అమ్మానాన్నలు ఆసుపత్రికి దగ్గర్లో మేడ మీద రేకుల గది అద్దెకు తీసుకున్నారు. శని, ఆదివారాలు ఊరికి వెళ్లి వస్తారు. ఉత్తరం రాసేనాటికి 14 సిట్టింగులు అయ్యాయి.

తొమ్మిది రోజుల కిందట అమ్మకు బేదులు మొదలయ్యాయి. మొదట రోజుకు మూడుసార్లు, ఇప్పుడు ఏడెనిమిది సార్లు నీళ్లలా పోతున్నాయి. అంతకుముందు ఆమెకు రోజుకు ఒక్కసారే అలవాటు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. మూత్రం రోజుకు రెండుసార్లకు మించి రావట్లేదు, వచ్చినా మంట, ముదురు పసుపు రంగు. నడుం నొప్పి అంటే నాన్న మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చి ఇస్తున్నాడు. పోయిన ఆదివారం ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కించి, రెండు సూదులు వేశాడు. అవేం సూదులో ఎవరికీ తెలియదు.

ఈ సంగతులన్నీ అమ్మ కూతురికి మాత్రమే ఫోన్‌లో చెప్పింది. చెప్పేముందు, ఎవరికీ చెప్పనని మనవడి మీద ఒట్టు వేయించుకుంది. ‘డాక్టరు సారుకు చెప్పాకు, కరెంటు ఆపేస్తాడు’ అంటోంది. పక్క గదిలో ఉన్న ఒకామె విరేచనాలని చెబితే పది రోజులు ఆపేశారట. నాన్నకు కొంత తెలుసు గానీ, ‘ఇంగ పదకొండు దినాలే గదా, ఓర్చుకుంటే అయిపాయ’ అంటున్నాడు. మళ్లీ అడ్మిట్ అంటే ఖర్చవుతుందని ఆయన దిగులు. ఒకసారి మిషన్ దగ్గర కడుపు బాలేదని అమ్మ అంటే, అక్కడున్నతను ‘ఇవన్నీ మామూలేనమ్మా’ అన్నాడు. ఆ తర్వాత ఆమె నోరు తెరవలేదు. డాక్టరు వారానికి ఒకసారి, మంగళవారం చూస్తారు. ఆయన మగవాడు, చుట్టూ ఇంకో పదిమంది ఉంటారు. ‘అమ్మ నమ్మకం పోగొట్టుకోవాలా, ఒట్టు నిలబెట్టుకుని చూస్తూ ఊరుకోవాలా? అసలు ఏది చెప్పాల్సిన సంగతి, ఏది ఓర్చుకోవాల్సిన సంగతి?’ అని ఆమె ప్రశ్న. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా అని కూడా అడిగారు.

సమాధానం

మీ ఉత్తరం చదవగానే ‘మంగళవారం దాకా ఆగొద్దు, ఈ రోజే చూపించండి’ అని మీకు విడిగా రెండు వాక్యాలు పంపించాం. ఎందుకలా అన్నామో, మిగిలిన రోజులు ఎలా నడపాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు విరేచనాల సంగతి. పొత్తికడుపు మీద రేడియేషన్ పడుతున్నప్పుడు పేగులో కొంత భాగానికి కూడా అది తగలక తప్పదు. పేగు లోపలి పొర కొన్ని రోజులకోసారి రాలిపోయి కొత్తగా పుడుతుంటుంది. వేగంగా పుట్టే కణాలనే రేడియేషన్ ఎక్కువగా దెబ్బతీస్తుంది. అందుకే రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో విరేచనాలు మొదలవడం చాలామందిలో జరిగేదే. ఆ మాట వరకు మిషన్ దగ్గరి అతను అబద్ధం చెప్పలేదు. కానీ ఆయనకు అందిన సమాచారం ‘కడుపు బాలేదు’ అన్నంతవరకే. ఎన్నిసార్లు అన్న అంకె ఆ మాటలో లేదు. డాక్టర్లు చూసేది ఆ అంకెనే. మామూలు అలవాటు కంటే రోజుకు మూడు దాకా ఎక్కువైతే తేలికపాటిది. నాలుగు నుంచి ఆరు ఎక్కువైతే మందు మొదలుపెట్టాల్సిన స్థితి. ఏడు, అంతకంటే ఎక్కువైతే తీవ్రమైనది, తరచుగా ఆసుపత్రిలో ఉంచి సెలైన్ పెట్టాల్సి వస్తుంది. మీ అమ్మగారి అలవాటు రోజుకు ఒకటి, ఇప్పుడు ఎనిమిది. అంటే ఏడు ఎక్కువ. లెక్క అక్కడే తేలిపోయింది.

దీనికి కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం తోడయ్యాయి. ఒంట్లో నీరు బాగా తగ్గిందనడానికి ఇవే గుర్తులు. పైగా ఎండాకాలం, రేకుల గది. విరేచనాల్లో పోయేది చాలక చెమటలోనూ పోతోంది.

నిజానికి మాకు ఎక్కువ భయం వేసింది విరేచనాల గురించి కాదు, ఆమె కిడ్నీల గురించి. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేసే మందు. అందుకే దాన్ని ఇచ్చేముందూ తర్వాతా సీసాల కొద్దీ సెలైన్ ఎక్కిస్తారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అదే మందు పడితే కిడ్నీ దెబ్బతినే అవకాశం బాగా పెరుగుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఇక ఊళ్లో వేసిన సూదులు. పల్లెల్లో జ్వరానికి, విరేచనాలకు జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ సూదులు వేసే అలవాటు ఇంకా ఉంది. అవి కూడా కిడ్నీనీ, చెవినీ దెబ్బతీసే మందులే, సిస్‌ప్లాటిన్ కూడా ఆ రెంటినే పట్టుకుంటుంది. ఒక్కొక్కటిగా అయితే శరీరం తట్టుకోగలదేమో గానీ, ఇవన్నీ ఒకే వారంలో కలిస్తే కష్టం.

‘సోమవారం కీమోకు ముందు రక్తపరీక్ష చేస్తారు కదా, అందులో తెలిసిపోతుంది కదా’ అని మీకు అనిపించవచ్చు. చాలాచోట్ల సోమవారం కీమో కోసం శుక్రవారమో శనివారమో రక్తం తీస్తారు. అప్పుడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) బాగానే ఉండి, శని, ఆదివారాల్లో విరేచనాలు ముదిరితే ఆ రిపోర్టు సోమవారం నాటి పరిస్థితిని చూపించదు. రిపోర్టు బాగుంది కదా అని మందు ఎక్కించేస్తారు. డాక్టరుకు ఎవరూ చెప్పకపోతే ఆ పొరపాటును పట్టుకోవడానికి అక్కడ ఎవరూ ఉండరు.

కాబట్టి నొప్పి మాత్రలు ఈ రోజే ఆపించండి. నడుం నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చా అని ఆసుపత్రిలో అడగండి. అడగమనడానికి కారణం ఉంది, జ్వరం దగ్గర చెబుతాం. ఆర్‌ఎంపీని పూర్తిగా దూరం పెట్టమని మేం అనం. బీపీ చూడటానికి, జ్వరం చూడటానికి ఆయనే దగ్గర. సూది మాత్రం ఏదైనా సరే, చికిత్స జరుగుతున్న ఆసుపత్రిలో అడగకుండా వద్దు. పోయిన ఆదివారం ఏ సూదులు వేశారో ఆయన్నే ఫోన్ చేసి అడిగి రాసుకోండి. డాక్టరు మొదట అడిగే ప్రశ్న అదే అవుతుంది.

ఇప్పుడు అమ్మగారి భయం. ‘చెబితే ఆపేస్తారు’ అన్నది ఆమె ఊహించుకున్నది కాదు, పక్క గదిలో కళ్లారా చూసింది. దాన్ని కొట్టిపారేస్తే మీ మాట వినదు. అసలు ఏం జరుగుతుందో చెప్పండి. విరేచనాలు నాలుగైదు ఉన్నప్పుడే చెబితే మాత్రలు రాస్తారు, తిండి మారుస్తారు, కరెంటు ఆ రోజు కూడా పెట్టి పంపిస్తారు. ఇంకాస్త ఎక్కువైతే ముందు ఆపేది సాధారణంగా కీమోను. ఒక వారం సిస్‌ప్లాటిన్ తప్పినా రేడియేషన్ నడుస్తూనే ఉంటుంది, చికిత్సలో అసలు బలం దానిదే. ఇంకా ఎక్కువైతే ఒకటి రెండు రోజులు సెలైన్ మీద ఉంచి, ఆసుపత్రి నుంచే మిషన్ దగ్గరకు తీసుకెళ్తారు. రోజుల తరబడి ఆపాల్సి వచ్చేది సాధారణంగా ఒంట్లో లవణాలు బాగా పడిపోయి, క్రియాటినిన్ పెరిగి, బల్ల మీద పడుకోబెట్టే స్థితి లేనప్పుడే. చాలాసార్లు అది దాచిపెట్టి ఆలస్యంగా వచ్చినవాళ్లకే జరుగుతుంది. పక్క గదామె ఎన్నో రోజున చెప్పిందో అమ్మనే అడగమనండి. మేం వెయ్యి మాటలు చెప్పేకన్నా ఆమె జవాబు ఎక్కువ పనిచేయవచ్చు.

ఆపడం అంటే భయపడటంలో అర్థం లేకపోలేదు. ఈ క్యాన్సర్‌కు బయటి కరెంటు, లోపలి కరెంటు కలిపి మొదటి రోజు నుంచి 8 వారాల్లో, అంటే 56 రోజుల్లో పూర్తి కావాలన్నది డాక్టర్లు పెట్టుకునే గడువు. మధ్యలో విరామం వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగడానికి సందు దొరుకుతుంది. మీ అమ్మగారికి 25 సిట్టింగులకు ఐదు వారాలు, ఆ తర్వాత లోపలి కరెంటు మూడు నాలుగు సార్లు. లెక్క వేస్తే గడువులో కొన్ని రోజుల వెసులుబాటు ఉంది. రెండు రోజులు పోతే శనివారం మిషన్ నడిపించో, ఒకే రోజు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పెట్టో సర్దుబాటు చేయగలరు. పది రోజులు పోతే సర్దడం చాలా కష్టం. పది రోజులు పోకుండా ఉండాలంటే ఈ రోజే చెప్పాలి. అమ్మకు చెప్పాల్సిన మాట ఇదే, భయపెట్టకుండా చెప్పండి.

ఇంకో సంగతి ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు. కరెంటుకు ముందు మూత్రం పోసి వచ్చి, ఇన్ని నీళ్లు తాగి, ఇంతసేపు ఆగమని చెప్పే ఉంటారు. ఎన్ని నీళ్లు, ఎంతసేపు అన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది. తరచుగా అర లీటరు దాకా తాగి, అరగంట నుంచి ముప్పావుగంట ఆగమంటారు. మూత్రాశయం నిండితే పేగుల్ని పైకి నెట్టి, కిరణాల దారిలోంచి కొంత తప్పిస్తుంది. బేదులున్న మనిషి నీళ్లు తాగడానికే భయపడుతుంది. వరుసలో కూర్చున్నప్పుడు బాత్రూం ఎక్కడుందో, అందుతుందో లేదో అన్న బెంగ ఒకటి. దాంతో ఖాళీ మూత్రాశయంతో బల్ల ఎక్కుతుంది. పేగు కిందికి జారుతుంది, రేడియేషన్ దానికి ఇంకా ఎక్కువ తగులుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అమ్మగారు నీళ్లు తాగకుండా వెళ్తున్నారేమో తప్పకుండా అడగండి. అవునంటే ఆ ముక్క కూడా మిషన్ దగ్గర చెప్పాల్సిందే. బాత్రూంకు దగ్గరగా కూర్చోబెట్టడమో, పిలిచే సమయం కాస్త అటూ ఇటూ మార్చడమో వాళ్లకు పెద్ద పని కాదు.

ఇక ఒట్టు. మీ ముందు మూడు దారులున్నాయి.

అమ్మ చేతే చెప్పించడం అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే ఇంకా పదకొండు సిట్టింగులు, లోపలి కరెంటు మిగిలి ఉన్నాయి. ఈ రోజు మీరు చెప్పినా రేపు మళ్లీ చెప్పాల్సింది ఆమే. ఆమెకు సిగ్గు కాబట్టి నోటితో చెప్పాల్సిన పని లేకుండా చేయండి. మీరే ఒక కాగితం రాసి వాట్సాప్‌లో నాన్నకు పంపండి, గది కింద జిరాక్సు షాపులో ప్రింటు తీయించమనండి. లేదంటే ఆయనే చూసి పాత క్యాలెండరు వెనక రాసినా చాలు. దాని మీద ఇలా ఉండాలి: ‘రేడియేషన్ 14 అయ్యాయి. చివరి సిస్‌ప్లాటిన్ సోమవారం. 9 రోజులుగా విరేచనాలు. నిన్న పగలు 5, రాత్రి 3, నీళ్లలా. రక్తం లేదు. జ్వరం లేదు. వాంతులు 1. మూత్రం రోజుకు 2 సార్లు, మంట. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. వాడినవి: డైక్లోఫెనాక్ రోజుకు 2, ఆదివారం ఊళ్లో సెలైన్, 2 సూదులు.’ రక్తం, జ్వరం, వాంతులు ఉన్నాయో లేవో అడిగి నిజం రాయండి, మేం ఊరికే నమూనాగా రాశాం. మిషన్ గది బయట ఉండే సిస్టర్ చేతిలో ఆ కాగితం పెట్టి, ‘డాక్టరుకు చూపించండమ్మా, ఆడ డాక్టరు ఎవరైనా ఉంటే వాళ్లకు’ అంటే సరిపోతుంది. పెద్దాసుపత్రుల్లో పీజీ చదివే ఆడపిల్లలు డ్యూటీలో ఉంటారు, అడిగితే చాలాసార్లు వీలవుతుంది.

రెండోది, నాన్న ద్వారా. ఆయనకు సగం తెలుసు కాబట్టి అది ఒట్టు తప్పడం కిందికి పెద్దగా రాదు. ఆయన అసలు దిగులు డబ్బు. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స నడుస్తుంటే, ఇలా మధ్యలో అడ్మిట్ కావాల్సి వచ్చినప్పుడు దేనికి కార్డు వర్తిస్తుందో ఆసుపత్రిలో జనం ఆరోగ్యమిత్ర అని పిలిచే డెస్కు ఉంటుంది, అక్కడ అడగమనండి. 104కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. ముందే అడిగి ఉంచుకుంటే, ఆయన ఓర్చుకోమనడానికి ఉన్న కారణం సగం పోతుంది. ఈ దారిలో ఇబ్బంది ఒక్కటే: బేదుల వరకు ఆయన చెబుతాడు గానీ, రక్తస్రావం, తెల్లబట్ట, తొడల సందులో పుండ్లు లాంటివి భార్య ఆయనకు చెప్పదు, ఆయనా అడగడు.

మూడోది, మీరే నేరుగా ఆసుపత్రికి ఫోన్ చేయడం లేదా సెలవు పెట్టి వెళ్లడం. పని వెంటనే జరుగుతుంది. కానీ ఇన్నాళ్లూ ఆమె మీకొక్కదానికే చెప్పుకుంది. చెప్పకుండా చేస్తే ఇక మీదట మీకూ చెప్పకపోవచ్చు. అందుకని మేమైతే మొదటి దారికి ఒక పూట సమయం ఇస్తాం, అంతకు మించి ఇవ్వం. ‘సాయంత్రం లోపు నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను, ఆ ఒట్టు నేను చూసుకుంటా’ అని ఆమెతోనే అనేయండి. అలా ముందే చెప్పి చేసినప్పుడు కోపం వస్తుందేమో గానీ, దొంగచాటుగా చేసిందన్న బాధ ఉండదు. స్పృహ మందగించినా, మూత్రం ఎనిమిది గంటలుగా రాకపోయినా, తాగిన నీళ్లు కూడా నిలవకుండా వాంతి అవుతున్నా ఆ పూట కూడా ఆగకూడదు.

‘మంగళవారం దాకా ఓఆర్ఎస్ ఇచ్చి చూద్దాం’ అన్న నాలుగో దారి కూడా ఇంట్లో చర్చకు వచ్చే ఉంటుంది. విరేచనాలు మూడు నాలుగు ఉన్న రోజుల్లో అయితే అది సరైన దారే. ఇప్పుడు ఆ దశ దాటిపోయింది.

ఓఆర్ఎస్ మాత్రం ఆసుపత్రికి వెళ్లేలోపు మొదలుపెట్టండి. ఇందులో జరిగే పొరపాటు ఒకటుంది. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు, చిన్న ప్యాకెట్టు 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్టును గ్లాసులో కలిపి తాగితే ఉప్పు మరీ ఎక్కువై మంచికి బదులు చెడు చేస్తుంది. ప్యాకెట్టు మీద రాసింది చదివి, లీటరు బాటిల్‌కు ఒకటి కలిపి, గుక్క గుక్కగా తాగించాలి. 24 గంటలు దాటాక మిగిలింది పారబోయాలి. ప్యాకెట్టు లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. షాపుల్లో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పళ్ల రసాలు దీనికి బదులు కావు, వాటిలోని చక్కెరకు విరేచనాలు పెరుగుతాయి. విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్ర చాలామందికి రాస్తారు: సాధారణంగా మొదట రెండు, ఆపై నీళ్లలా పోయిన ప్రతిసారి ఒకటి, రోజుకు ఎనిమిది మించకుండా. కానీ జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం ఉన్నా దాన్ని సొంతంగా వేసుకోకూడదు. అప్పుడు కారణం ఇన్‌ఫెక్షన్ కావచ్చు, దాన్ని లోపలే బంధించినట్టవుతుంది. అందుకే మొదటిసారి డాక్టరు చూసి రాసిన తర్వాతే.

తిండి గురించి మన ప్రాంతంలో ఒక చిక్కు. సంగటి తినకపోతే బలం ఎక్కడిది అంటారు. బాగున్నప్పుడు నిజమే. ఈ కొన్ని వారాలు మాత్రం రాగి, జొన్న, ఆకుకూర, పప్పు, శనక్కాయ చట్నీ, పచ్చిమిరపకాయ కారం పేగును రేపుతాయి. పొద్దున్నే బండి దగ్గర ఉగ్గాని బజ్జీ కూడా వద్దు. మెత్తటి అన్నంలో పలుచటి మజ్జిగ, ఇడ్లీ, సగ్గుబియ్యం గంజి, అరటిపండు, ఉడికించిన గుడ్డు, కారం లేని కోడి రసం తినొచ్చు. పాలు పడకపోతే ఆపండి. విరేచనాలు తగ్గాక సంగటి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మీ పెద్ద ప్రశ్న, ఏది ఎప్పుడు చెప్పాలి అన్నది. దీన్ని మేం మూడు గడువులుగా చూస్తాం.

రాత్రి అయినా, ఆదివారం అయినా ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు జ్వరం. 100.4 ఫారెన్‌హీట్ దాటితే, లేదా చలి వణుకు వస్తే వెంటనే వెళ్లాలి. కీమో వల్లా, నడుము ఎముకల్లోని మజ్జకు రేడియేషన్ తగలడం వల్లా తెల్ల రక్తకణాలు తగ్గిపోయి ఉండొచ్చు, అప్పుడు చిన్న ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. థర్మామీటరు ఒకటి గదిలో ఉండాలి. జ్వరం చూడకుండా పారాసిటమాల్ వేస్తే అది కనిపించకుండా పోతుంది. పైన అడిగి వేయమన్నది అందుకే. రెండోది రక్తస్రావం. చికిత్స సాగేకొద్దీ రక్తం తగ్గాలి. తగ్గింది మళ్లీ మొదలైతే చెప్పాలి, గంటకు ఒక ప్యాడు తడిసిపోతుంటే ఆ నిమిషమే బయల్దేరాలి. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి రావడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి – ఇవి రక్తం గడ్డకట్టడానికి గుర్తులు. కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా, ఆగని వాంతులు ఉన్నా అంతే. వాహనం లేకపోతే 108. క్యాజువాలిటీలో మొదటి మాట ‘విరేచనాలు’ అని కాకుండా, ‘రేడియేషన్, కీమో నడుస్తున్న మనిషి, చివరి కీమో ఫలానా రోజు’ అని మొదలుపెట్టండి. డ్యూటీలో ఉండే డాక్టరు ఆలోచించే తీరే మారిపోతుంది. ఫైలు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి, ఊరికి వెళ్లినా సరే.

ఆ రోజే, అంటే కరెంటుకు వెళ్లినప్పుడు చెప్పాల్సినవి: అలవాటుకన్నా నాలుగు విరేచనాలు ఎక్కువ కావడం, మూత్రంలో మంట లేదా రక్తం, రోజంతా ఏమీ తినలేకపోవడం, తొడల సందుల్లో చర్మం చెమ్మగిల్లి ఊడటం, చెవిలో హోరు, వేళ్ల తిమ్మిరి. మంట రేడియేషన్ వల్లా రావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లా రావచ్చు. పరీక్ష చేస్తే గానీ తేలదు, మందులు వేరు. చెవి హోరు, తిమ్మిరి సిస్‌ప్లాటిన్ వల్ల కావచ్చు, తర్వాతి సీసా ఎక్కించే ముందే డాక్టరుకు తెలియాలి. ఒంటి మీద వేసిన గుర్తులు చెరిగిపోయినా చెప్పాలి, ఇంట్లో పెన్నుతో దిద్దకూడదు.

మంగళవారం దాకా ఆగగలిగేవి నీరసం, ఆకలి మందగించడం, కాస్త వికారం, చర్మం నల్లబడటం, రోజుకు రెండు మూడు విరేచనాలు. ఆగగలిగినవి కూడా కాగితం మీద ఉండాలి. చర్మానికి కొబ్బరినూనె, పసుపు, పౌడరు, వేడి కాపడం ఏవీ వద్దు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, వదులు నూలు చీర కట్టుకుంటే చాలు.

శుక్రవారం మిషన్ దగ్గర నుంచి కదిలేముందు రెండు పనులు చేయమనండి: శని, ఆదివారాల్లో ఫోన్ చేయాల్సిన నంబరు రాయించుకోవడం, మాత్రలు సరిపడా ఉన్నాయో చూసుకోవడం. విరేచనాలు అదుపులోకి వచ్చేదాకా వారాంతం ఊరికి వెళ్లకుండా కర్నూలులోనే ఉంటే ఇంకా మంచిది. బస్సు ప్రయాణం కంటే రేకుల గదే నయం, వీలైతే మధ్యాహ్నం పూట కింది వసారాలో పడుకోమనండి.

మనవణ్ణి నిక్షేపంగా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. బయటి మిషన్ కిరణాలు ఆగిన క్షణంలో ఒంట్లో ఏమీ మిగలదు. లోపలి కరెంటు తర్వాత కూడా, పరికరం తీసి ఇంటికి పంపాక అంతే. వాడికి జలుబో జ్వరమో ఉన్న రోజు మాత్రం దూరంగా ఉంచండి, అది అమ్మగారి కోసం.

చివరి సిట్టింగు అయిన మర్నాటి నుంచి అన్నీ తగ్గిపోతాయని ఇంట్లో అనుకుంటూ ఉండొచ్చు. విరేచనాలు, మంట ఆ తర్వాత ఇంకో వారం రెండు వారాలు అలాగే ఉండి, అప్పుడు మెల్లగా తగ్గుతాయి. ఈ కాగితం రాయడం అప్పటిదాకా ఆపొద్దు. నెలలు గడిచాక, ఒక్కోసారి ఏడాది రెండేళ్లకు కూడా, విరేచనంలోనో మూత్రంలోనో రక్తం కనిపించవచ్చు. మొలలు అనుకుని ఊళ్లో మందు వేయించకుండా, రేడియేషన్ ఇచ్చిన డాక్టరుకే చూపించాలి. యోనిలోంచి మూత్రం గానీ మలం గానీ కారుతున్నట్టు ఉంటే ఆ వారమే వెళ్లాలి. యోని ఇరుకు కాకుండా డైలేటర్ అనే గొట్టం లాంటి సాధనం ఎప్పటినుంచి, ఎలా వాడాలో లోపలి కరెంటు పూర్తయిన రోజున సిస్టర్‌ను అడగాలి. ఇది అమ్మ అడగదు, డాక్టరు హడావుడిలో చెప్పడం మరిచిపోవచ్చు, ఆ రోజు మీరు సెలవు పెట్టి పక్కన ఉండండి.